పనసగుడకు గోలు కాసిన బుధు

సిగ్గుండాలి మీకు. సముద్రాల అవతల ఎవడో బంతి తన్నితే వాడి పేరు, వాడి తండ్రి పేరు, వాడు తొడుక్కున్న చొక్కా రంగు కూడా గుక్కతిప్పుకోకుండా చెబుతారు. పాచిపెంట దాటి నాలుగు కొండలెక్కితే వచ్చే పనసగుడలో బుధు అనే మనిషి ఉండేవాడని, ఆ ఊరి జట్టుకి ఎనిమిదేళ్లు గోలు కాశాడని ఒక్కరంటే ఒక్కరైనా అడిగారా? కప్పు గెలిచిన మూడేళ్ల గురించి అడిగినవాళ్లున్నారు. గోళ్లు కొట్టిన ముగ్గురి గురించి అడిగినవాళ్లున్నారు. ఓడిపోయిన ఏళ్లలో ఎవరు నిలబడ్డారని అడగడానికి మాత్రం ఇంతమందిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. అడక్కపోతే పోయారు, వినండి. ఆ చేతిలోది కింద పెట్టి మరీ వినండి.

బుధు కొండదొర తెగ ఇంటి బిడ్డ. బుధవారం పుట్టాడు, బుధు అన్నారు. అంతకుమించి ఆ పేరుకి అర్థం లేదు. పదేళ్లప్పుడు ఇప్పపూలు ఏరడానికి తెల్లారకుండా వెళ్లాడు. ఇప్పపూలంటే మనిషికెంత ఇష్టమో ఎలుగుకీ అంతే ఇష్టం. చెట్టు కింద ఇద్దరూ ఎదురుపడ్డారు. ఎలుగు ఎడమకాలు పిక్క పట్టి గీరింది. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు ఇక పూర్తిగా సాగలేదు. నడిచేటప్పుడు ఒక పక్కకి ఒరిగేవాడు, గాలికి ఒరిగిన వెదురులా.

పరిగెత్తలేనివాడికి వేటలో ఏం పనుంటుంది? కాపు పని. చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్లంతా విల్లులు, బల్లేలు పట్టుకుని అడవిలోకి పోతారు కదా. సగంమంది డప్పులు కొట్టి, కేకలు వేసి జంతువుని తోలుతారు. సగంమంది అది తప్పించుకుపోయే సందుల దగ్గర ఒక్కొక్కరూ నిలబడి కాపు కాస్తారు. బుధు కాపులోంచి కుందేలు కూడా దాటేది కాదు. కదలకుండా నిలబడేవాడు. కళ్లు ఒక్కటే కదిలేవి. చేతులు మాత్రం, ఆ చేతులు చూసి తీరాలి. అడ్డాకు విస్తరంత అరచేతులు.

పంతొమ్మిది వందల ఇరవైలో పనసగుడకి జగన్నాథరావు అనే ఫారెస్టు గార్డు వచ్చాడు. విజయనగరం వైపు మనిషి. కొండెక్కితే ఆయాసం, దిగితే మోకాళ్ల నొప్పి. అలాంటివాడిని అడవి చూసుకోమని పంపారు. ఆయన గోనెసంచిలో ఒక తోలు బంతి తెచ్చుకున్నాడు. ఊళ్లో తనకి మాట్లాడేవాళ్లు లేక, చోళ్లు, అదే రాగులు, కోసేసిన చేల్లో సాయంత్రంపూట కుర్రాళ్లని పోగేసి బంతి తన్నించేవాడు. ఆ చేను ఏటవాలు. ఒక గోలు పైన, ఒక గోలు కింద. బంతి తప్పిందంటే కింద పారే గెడ్డ దాకా దొర్లిపోయేది. తెచ్చుకోవడానికి ఒకడు దిగి ఎక్కాలి. అలా ఎదురెక్కి పరిగెత్తడం అలవాటైనవాళ్లకి, సాలూరు మైదానంలో చదును నేల మీద వదిలితే ఎలా ఉంటుంది? పగ్గం తెంచుకున్న దూడల్లాగ ఉన్నారు.

బుధుకి అప్పటికే ముప్పై దాటాయి. గట్టు మీద కూర్చుని చూస్తుంటే జగన్నాథరావు పిలిచాడు.

"నువ్వేటి, అలా కూర్చుండిపోనావు? రా."

"నాకు పరుగు రాదు బావూ."

"పరుగక్కర్లేదు. ఈ రెండు వెదుళ్ల నడుమ నిలబడు. బంతిని పోనీకు. అంతే."

"పోతే ఏటవద్ది?"

"ఓడిపోతాం."

బుధు ఆ రెండు వెదురు గడల్నీ చూశాడు. నడుమ సందుని చూశాడు. "కాపా? ముందే సెప్తే బేగి వొచ్చీసేవోడిని గదా" అని లేచాడు.

ఏడాది తిరిగేసరికి జగన్నాథరావు పదకొండుమందిని వెంటబెట్టుకుని సాలూరు దిగాడు. అక్కడ కలప వ్యాపారులు ఏటా మాఘమాసంలో ఒక కప్పు పెట్టేవారు. కింది ఊళ్ల జట్లన్నీ బూట్లతో, చారల చొక్కాలతో వచ్చేవి. మనవాళ్లు ఉత్త కాళ్లతో, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచెలతో దిగితే జనం నవ్వారు. మొదటి బంతి బుధు చేతికి చిక్కినప్పుడు ఇంకా నవ్వారు. ఎందుకంటే, అతను దాన్ని తిరిగి తన్నలేదు. నేల మీద పెట్టి, వంగి, దానికి నుదురు ఆనించి దండం పెట్టాడు. వేటలో ఏది పడినా ముందు దానికి దండం పెట్టాలి, అది ఆచారం. బంతయితే మాత్రం పడినట్టు కాదా? ఈలోపు ఎదుటివాడు వచ్చి, దండం పెడుతున్న బుధు ముక్కు కిందనుంచి బంతి తన్నుకుపోయి గోలు చేశాడు.

"ఏటి సేత్తన్నావురా?" అని జగన్నాథరావు నెత్తి కొట్టుకున్నాడు.

"దండం ఎట్టకుండా ఎలగ బావూ?"

"మనసులో ఎట్టుకో!"

ఆ రోజు నుంచి మనసులోనే పెట్టుకున్నాడు. మళ్లీ ఆ కప్పులో అతని కాపులోంచి ఒక్క బంతీ పోలేదు. ముందు ఆడే ముగ్గురు కుర్రాళ్లు తలో రెండు కొట్టారు. పనసగుడ గెలిచింది. ఇరవై ఒకటిలో గెలిచింది, ఇరవై రెండులో గెలిచింది, ఇరవై మూడులో గెలిచింది. మూడోసారి బండ్ల మీద వచ్చి చూశారు జనం.

బుధుకి కప్పు మీద మోజు లేదు. అదేదో తెల్ల లోహపు చెంబు, నీళ్లు తాగడానికి కూడా పనికిరాదనేవాడు. అతని ప్రాణమంతా వేరే దాంట్లో ఉండేది. ఆట మొదలయ్యే ముందు ఒక గుమాస్తా బల్ల మీదికెక్కి, తగరపు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని జట్ల పేర్లు పిలిచేవాడు. "పనసగుడ!" అని అరిచేవాడు. సంతకి వెళ్తే కొండవాడిని పేరుపెట్టి పిలిచే షావుకారు ఉండేవాడా ఆ రోజుల్లో? "ఒరే కొండోడా, అవతలికి జరుగు" అనడమే. ఆ ఒక్కరోజు మాత్రం, ఊరి పేరు పట్టి పిలిస్తే రెండువేలమంది తలతిప్పి చూసేవారు, పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. ఆ పిలుపు కోసం బుధు ఏడాదంతా ఎదురుచూసేవాడు. దానికొక షరతు ఉంది. మైదానం అంచున పదకొండుమంది లెక్కకి నిలబడి ఉండాలి. ఒక్కడు తగ్గినా గుమాస్తా ఆ పేరు పిలవడు, కాగితం మీద కొట్టేస్తాడు. కొట్టేసిన ఊరిని మరుసటి ఏడు రానివ్వరు.

గెలిచి వచ్చిన మూడేళ్లూ ఊరి ముందు గెడ్డ దగ్గర ఆడవాళ్లు పసుపునీళ్లతో కాళ్లు కడిగి, థింసా ఆడుతూ ఇళ్లకి తీసుకుపోయారు. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు. మగవాళ్లు పొద్దున్నే గుంపుగా అడవి దిగిపోయి ఏదో పట్టుకుని వస్తే అది వేటే. వేట నుంచి వచ్చినవాళ్లకి కాళ్లు కడగాలి. అంతవరకూ అందరికీ బాగానే ఉంది. మరి వేటకి పోయి ఉత్త చేతులతో వస్తే ఏం చేస్తారో మీకు తెలుసుగా? తెలియదా? పేడ కలిపిన నీళ్లు నెత్తిన గుమ్మరిస్తారు. ఇటుకల పండగలో ఆడవాళ్ల సరదా అదే, శిక్షా అదే.

ఇరవై నాలుగు వచ్చింది. జగన్నాథరావుకి బదిలీ అయింది. ఆయన వెనకాలే వరహాలరావు అనే కూలి మేస్త్రీ ఊళ్లోకి దిగాడు. అస్సాం తేయాకు తోటలకి మనుషుల్ని తీసుకుపోవడం వాడి పని. రైలు, రోజూ అన్నం, ఉన్ని కంబళి అని ఏవేవో చెప్పాడు. ముందు ఆడే ముగ్గురు కుర్రాళ్లూ వెళ్లిపోయారు. ఆ ముగ్గురిలో ఒక్కడూ తిరిగి రాలేదు. జట్టులో ఇంకొకడు మన్యం జ్వరంతో మంచమెక్కాడు. ఆ ఏడు సాలూరులో పనసగుడ నాలుగు గోళ్ల తేడాతో ఓడింది. రాత్రి పాచిపెంటలో తలదాచుకుని, మర్నాడు పొద్దెక్కాక గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. చేతుల్లో పసుపునీళ్లు లేవు.

అందరికంటే ముందు నిలబడిందెవరనుకున్నారు? యర్రమ్మ. బుధు పెళ్లాం రత్నాలుకి తల్లి. అంటే సొంత అత్తగారు. ఆమె నోటికి ఊళ్లో కుక్కలు కూడా దారి తప్పుకునేవి.

"ఏటి అల్లుడా, ఏటి తెచ్చినావు?"

"ఏటీ నేదత్తా."

"అయితే ఇది ఉంచుకో" అని మొదటి ముంత నెత్తిన బోర్లించింది. పదకొండుమందినీ తడిపేశారు. మాఘమాసపు చలి, కొండ గాలి, పేడ. ముసలివాళ్లు నవ్వుకున్నారు గానీ, మూడేళ్లు పసుపునీళ్లు తప్ప ఎరగని కుర్రాళ్లకి అది నవ్వులాట కాలేదు. ఒకడు వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మరుసటి ఏడు సాలూరు వెళ్దామని బుధు ఇల్లిల్లూ తిరిగితే ఆరుగురే దొరికారు.

"గెలిత్తామంటే వొత్తాను. ఓడిపోడానికైతే నాను రాను, ఆ ముసిల్దాని సేత తలంటించుకోడానికి" అన్నాడొకడు. అందరిదీ అదే మాట.

బుధు రెండు రోజులు ఆలోచించాడు. మూడోనాడు అత్తగారింటికి వెళ్లాడు. యర్రమ్మ తిరగలి ముందు కూర్చుని చోళ్లు విసురుతోంది. తలెత్తలేదు.

"పేడ వొద్దని బతిమాలుకోడానికొచ్చినావేటి అల్లుడా?"

"వొద్దనడానికి నానెవుడిని? పొయ్యండి. రివాజు పెకారం పొయ్యండని సెప్పడానికొచ్చినాను."

"రివాజు నువ్వు నాకు సెప్తావా? మీ అమ్మ పెళ్లికి పసుపు దంచినదాన్ని నాను."

"అయితే నువ్వే సెప్పు. యేటలో దుప్పి తప్పించుకుపోనాది. పేడ ఎవుడి మీద పడాల?"

"ఎవుడి కాపులోనించి పోనాదో ఆడి మీద."

"మిగిల్నోల మీద?"

"ఆల మీదేల పడద్ది? ఆల కాళ్ల మీద నాలుగు సుక్కలు మంచినీలు జల్లి ఇంటికి పొమ్మంటాం."

"నిరుడు నాలుగు గోళ్లు ఎవుడి కాపులోనించి పోనాయత్తా?"

తిరగలి ఆగింది. యర్రమ్మ అప్పుడు తలెత్తి అల్లుడిని చూసింది.

"నీ కాపులోనించే."

"మరి పదకొండుమంది మీద ఏల పోసినారు?"

"కోపమొచ్చింది, పోసినాం."

"కోపం రివాజు కాదు గదా."

పిడికెడు చోళ్లు తిరగలి గుంటలో వేసి, "పిల్లనిచ్చినప్పుడు నోరు నేనోడివి, మెతకోడివి అనుకున్నాను. ఇంత తెలివి ఎక్కడ దాసినావురా?" అంది. తర్వాత, "గోలుకో ముంత. తగ్గించమంటే తగ్గించను" అంది.

"తగ్గించొద్దు" అన్నాడు బుధు.

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. పోతే బుధు నెత్తి, మనకేటి అనుకున్నారో, లేక కొంచెం సిగ్గుపడ్డారో, ఇరవై అయిదులో పదకొండుమందీ కొండ దిగారు. గుమాస్తా పేరు పిలిచాడు. అయిదు గోళ్లు పడ్డాయి. గెడ్డ దగ్గర బుధు ఒక్కడే ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అయిదు ముంతలు. మిగిలిన పదిమందీ తడవని బట్టలతో అతన్ని దాటుకుంటూ ఊళ్లోకి నడిచారు.

ఆ రోజు ఇంట్లో రత్నాలు నిప్పులు కక్కింది.

"నీకేటి పట్టింది మావా? ముగ్గురు పిల్లల తండ్రివి. మా అమ్మ ముందే మోకాళ్లేసుకుని కూకుంటావా? రేపు నీళ్లకెల్తే నా మొగం ఎక్కడెట్టుకోను?"

"మొగం ఉన్నకాడే ఎట్టుకో. నీళ్లు పోత్తే కడుక్కుంతాను. మనూరి పేరు కొట్టేత్తే ఏటెట్టి కడుగుతావే?"

"ఊరి పేరు తింతావేటి?"

"పిలిత్తే ఇనాల రత్నా. నువ్వు ఒకపాలొచ్చి ఇను. ఆ గొట్టంలోనించి మనూరు ఎంత పెద్దూరో."

రత్నాలు సాలూరు వెళ్లలేదు. ఆడవాళ్లు వెళ్లే రివాజు లేదు. మరుసటి ఏడు మాఘంలో మాత్రం, మూడు గోళ్లతో ఓడిపోయి వచ్చిన మొగుడి నెత్తిన మొదటి ముంత తనే పోస్తానని పట్టుబట్టి వరసలో ముందుకొచ్చింది. పోసింది. పక్కనే ఉన్న యర్రమ్మ మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆమె ఉలిక్కిపడింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇవి ఏణ్ణీలు గాదేటే?"

"అవును, ఏణ్ణీలే."

"పేడనీళ్లు కాసి పోత్తారేటే ఎవులైనా?"

"సన్నీళ్లే పొయ్యాలని రివాజులో ఉన్నాదా అమ్మా? ఉంటే సెప్పు."

రివాజులో లేదు. అల్లుడే అనుకుంటే కూతురు కూడా తయారైందని యర్రమ్మ గొణుక్కుంది. మోకాళ్ల మీద కూర్చున్న బుధు తల దించుకుని ఉన్నాడు గానీ, అతని భుజాలు కదులుతున్నాయి. చలికి కాదు, నవ్వుకి. ఆ తర్వాత ప్రతి ఏడూ రత్నాలు తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి ఆ నీళ్లు కాచేది. మొగుడికి స్నానానికి కూడా అంత శ్రద్ధగా కాచి ఉండదు.

ఇక ఆట సంగతి. జట్టు ఏడాదికేడాది పల్చబడుతూనే ఉంది. ఉన్నవాళ్లకి వయసు మీద పడుతోంది, కొత్తగా వచ్చేవాళ్లకి నేర్పేవాడు లేడు. తోలు బంతి చిరిగితే జింకతోలు అతుకులేసి కుట్టారు. అది ఎటు తన్నితే అటు పోవడం మానేసి దానికి బుద్ధి పుట్టినట్టు పోయేది. ఆ జట్టు గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏముంది అంటారేమో. ఇరవై ఏడు గురించి చెప్పుకోండి. ఆ ఏడు ఎదురుపడింది ఆ ఏటి కప్పు గెలిచిన జట్టు. ఆట మొదటి నుంచి చివరిదాకా బంతి మన గోలు ముందే ఉంది. బుధు పదిహేడు బంతులు ఆపాడు. చేత్తో ఆపాడు, ఛాతీతో ఆపాడు, ఒకటి మొహంతో ఆపాడు. కుంటికాలు మడిచి పక్కకి పడిపోతూ ఆపాడు. పద్దెనిమిదోది పోయింది. ఆట అయిపోయాక ఎదుటి జట్టువాళ్లు గోలు కొట్టిన తమ మనిషిని వదిలేసి బుధు చుట్టూ మూగారు. ఒక షావుకారు, సంతలో ఎప్పుడూ అవతలికి జరగమనేవాడు, గోలీసోడా కొట్టి తన చేత్తో అందించాడు. గ్యాసు ముక్కులోకి ఎక్కి బుధు కళ్లనీళ్లు పెట్టుకుంటే, పాపం ఓడిపోయినందుకు ఏడుస్తున్నాడనుకుని ఇంకొకటి కొట్టించాడు.

గెడ్డ దగ్గర యర్రమ్మకి ఈ కథంతా చెప్పారు. "పదిహేడు ఆపితే ఏటి? ఒకటి పోనాదా నేదా?" అంది. పోసింది మాత్రం ముంతకి సగమే. సగం పోసి, మిగతాది పక్కన పారబోసి, ఎవరూ చూడలేదనుకుంది.

ఇరవై ఎనిమిదిలో బూటుకాలి దెబ్బకి బుధు కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. పసరు కట్టారు, అతుక్కున్నాయి, వంగడం మానేశాయి. వంగని వేళ్లతో బంతి ఆగదు. నలభై దాటిన మనిషి ఇక చాలించి గట్టు మీద కూర్చోవచ్చు. కూర్చుంటే పదిమందే మిగులుతారు. అందుకని గోలు ముందు అడ్డుగా ఆడతానని తనకి తాను చోటు చూసుకున్నాడు. గోలు కాయడానికి తన అన్నకొడుకు భీముడిని తయారుచేశాడు. ఇరవై రెండేళ్లవాడు, నాలుగేళ్లుగా జట్టులో ఆడుతున్నవాడు, చురుకైనవాడు, చేతులు చిన్నాన్నంత కాకపోయినా మంచి చేతులే. ఏడాదంతా చేల్లో నిలబెట్టి నేర్పాడు. ఆ సంక్రాంతి వెళ్లాకే భీముడికి పెళ్లయింది. రాజులమ్మ అనే పిల్ల, పక్క కొండ మీది ఊరు. ఇంకా వీధిలో అందరి పేర్లూ కూడా తెలియవు ఆమెకి.

ఇరవై తొమ్మిది మాఘంలో దిగారు. గుమాస్తా పిలిచాడు. ఆరు గోళ్లు పడ్డాయి. భీముడి తప్పేమీ లేదు, ఆ రోజు అక్కడ గోడ కట్టినా పడేవే. మర్నాడు పొద్దున్న కొండెక్కి, గెడ్డకి పైనున్న చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి భీముడు ఆగిపోయాడు.

"సిన్నాన్నా, మీరు ఎల్లండి. నాను రాను."

"ఏమైందిరా?"

"గోలుకో ముంత. ఆరు ముంతలు. కాపు కాసినోడి మీద." వాడు గెడ్డ వైపు వేలు చూపించాడు. "ఆ వరసలో రాజులమ్మ కూడా ఉంటాది. పెళ్లయి నెల్లాళ్లు కానేదు. అదొచ్చి నా నెత్తి మీద పేడ పొయ్యాలా? ఇటునించి ఇటే వరహాలరావు కాడికి ఎల్లిపోతాను. అస్సాంలో నన్నెవులూ ఎరగరు."

బుధు ఏడాదంతా బంతి ఎలా పట్టాలో, ఎటు దూకాలో, కళ్లు ఎక్కడ ఉంచాలో వాడికి నేర్పాడు. ఈ ఒక్కటీ తోచలేదు. పదిమందిని కాపాడటానికి తను పెట్టించిన నియమం, తను పక్కకి జరగ్గానే ఈ కుర్రాడి నెత్తికి వచ్చింది. అత్తగారి దగ్గరికి వెళ్లి అది వద్దని ఇప్పుడెలా చెబుతాడు? కోపం రివాజు కాదన్న నోటితోనే జాలి రివాజని చెబుతాడా? వీడు వెళ్లిపోతే వీడొక్కడే పోడు. వచ్చే ఏడు గోలు దగ్గర నిలబడమంటే ఏ తల్లి బిడ్డ నిలబడతాడు? ఇక ఆ పేరు పిలవరు.

రాయి మీద కూలబడ్డాడు. మిగిలినవాళ్లు చుట్టూ నిలబడి కాళ్లు చూసుకుంటున్నారు. కాసేపటికి లేచాడు.

"భీముడూ, నాలుగేళ్లు నా వెనకాల పొడి బట్టల్తో ఇంటికి ఎల్లినావు. ఒక్కపాలి నా వెనకాల గెడ్డదాకా రా. అక్కడ కూడా ఎల్లిపోవాలనిపిత్తే ఎల్లిపో. నానే వరహాలరావు కాడికి అంపుతాను."

వాడు వచ్చాడు. ఇష్టంగా కాదు, కాదనలేక.

గెడ్డ అవతల ఆడవాళ్లు. ముందు యర్రమ్మ, పక్కన పొగలు కక్కుతున్న ముంతతో రత్నాలు. ఎవరికోసం కాచిందో ఆమెకే తెలియాలి. చివరన రాజులమ్మ, చేతిలో ముంత, తల పైకెత్తడం లేదు.

"ఎన్ని?" అంది యర్రమ్మ.

"ఆరు."

"కాపు ఎవుడిది?"

భీముడు ఒక అడుగు ముందుకేశాడు. ఆ అడుగుకే వాడి ముఖం నల్లబడింది. బుధు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అత్తా, యేటలో మొదటి కాపు దాటితేనే గదా రెండో కాపుకొచ్చేది? గోలు ముందల నిలబడినోడిని నాను. ఆ ఆరూ ముందు నా కాలు పక్కనించే పోనాయి. ఇది అబద్ధం కాదు. మొదటి కాపు నాది."

యర్రమ్మ కళ్లు చిట్లించింది. ఆమె నోరు తెరిచేలోపే, వెనకనుంచి గంగరావి చెట్టంత పొడుగైన మనిషి ఒకడు, ఎడమపక్క ఆడేవాడు, గొంతు సవరించుకున్నాడు. ఇరవై అయిదులో "ముసిల్దాని సేత తలంటించుకోడానికి రాను" అన్నది వీడే.

"అలగైతే, బుధన్న కాడికి రాకముందు రెండు నా పక్కనించే పోనాయి" అన్నాడు.

"రెండేటిరా, మూడు" అన్నాడు పక్కవాడు. "నువ్వు కాలు జారి పడిపోనావు. ఆ మూడోది నన్ను దాటింది."

"నిన్ను దాటింది ఒకటే. ఇంకోటి నాది."

"నీదేటి? నువ్వా టైముకి ముల్లు తీసుకుంతన్నావు!"

"ముల్లు తీసుకుంతన్నాను గాబట్టే పోనాది! నాది కాదంటావేటి?"

నాలుగేళ్లుగా తడవని బట్టలతో బుధుని దాటుకుని నడిచినవాళ్లు అక్కడ గెడ్డ మధ్యలో, మోకాటి లోతు నీళ్లలో నిలబడి, తప్పు నాదంటే నాదని చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. పదకొండుమంది జట్టులో ఆరు గోళ్లకి కనీసం పదిహేనుమంది బాధ్యులు తేలారు. భీముడు కూడా ఏదో చెప్పబోయాడు. వాడి మాట వినేవాడే లేడు.

"ఆపండ్రా!" అని అరిచింది యర్రమ్మ. గెడ్డ నీళ్లు కూడా ఆగినట్టయింది. "నాకు అరవయ్యేళ్లు. పదకొండు కాపులూ బార్లా తెరిచెట్టీసి, నాదంటే నాదని కొట్టుకున్న యేటగాళ్లని నాను ఎక్కడా సూడనేదు. సిగ్గునేని జట్టు." ఆమె పెదవులు ఒక పక్కకి వెళ్లాయి, నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఏటలా సూత్తన్నారే గుంటల్లారా? తప్పు అందరిదీనంట. అందరి మీదా పొయ్యండి! ముంతలు సాలకపోతే గెడ్డలో ముంచి మరీ పొయ్యండి!"

ఇక అక్కడ వరస లేదు, లెక్క లేదు. రత్నాలు తన వేడినీళ్లు మొగుడికీ భీముడికీ సమంగా పంచింది. పొడుగువాడు యర్రమ్మకి దొరక్కుండా పరిగెత్తబోయి మళ్లీ కాలుజారి పడ్డాడు. రాజులమ్మ ముంత పట్టుకుని మొగుడి ముందు అలాగే నిలబడిపోయింది. పొయ్యాలా వద్దా తెలియలేదు.

"పొయ్యి, ఏటి సూత్తన్నావు?" అన్నాడు భీముడు. "పదిమంది మీద పడింది, నా మీద పడకపోతే నన్ను జట్టులోనించి తీసేత్తారు."

పోసింది. మొగుడి ముక్కు మీదనుంచి పేడ కారుతుంటే చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఊరికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

బుధు అందరికంటే వెనక గెడ్డలో దిగి కడుక్కున్నాడు. రత్నాలు వీపు రుద్దింది. "ఏణ్ణీలు ఎవులికోసం కాసినావే?" అని అడిగాడు. "ఎవులి నెత్తి మీద పడితే ఆళ్లకోసం" అంది.

భీముడు అస్సాం వెళ్లలేదు. మరుసటి ఏడు గోలు దగ్గర వాడే నిలబడ్డాడు. పదకొండుమంది కోసం ఇల్లిల్లూ తిరగాల్సిన పని బుధుకి ఆ తర్వాత పడలేదు. పదమూడుమంది వచ్చారు, ఇద్దరిని ఆపాల్సి వచ్చింది. గెలిచారా అంటే గెలవలేదు. కలప వ్యాపారులు ఆ కప్పు మానేసేదాకా ఏటా వెళ్లారు, ఏటా ఓడారు, ఏటా అందరూ కలిసి తడిసి ఇంటికొచ్చారు. బుధు కాలు పూర్తిగా పనిచెయ్యనంటే గానీ ఆట మానలేదు. మానాక చోడి చేలో పక్షుల్ని తోలుతూ, మనవల్ని ఎత్తుకుంటూ, మంచె మీద బతికాడు. రత్నాలు పోయిన రెండేళ్లకి, వైశాఖంలో, మూడు రోజుల జ్వరంతో పోయాడు. అప్పటికి అతని వయసు అరవై తొమ్మిదేళ్లు.